చెట్ల సందున... టూస్ట్రోక్ చిందు!

రోడ్ల మీద దాని కథ ముగిసి ఏళ్లు గడిచాయి. పొగ ఎక్కువన్నారు, పెట్రోలు తాగేస్తుందన్నారు, పక్కన పెట్టేశారు. కానీ మనిషి నడవడానికే ఇబ్బందిపడే అడవి బాటల్లో మాత్రం ఇప్పటికీ దానిదే రాజ్యం. మన ఆర్‌ఎక్స్ 100కి దూరపు చుట్టాలైన ఆ టూస్ట్రోక్ డర్ట్ బైకుల్లో ఏది ఎవరికి నప్పుతుంది? ఎందుకు?

దట్టమైన అడవి. నిన్న కురిసిన వానకు నేలంతా చిత్తడి. రెండు చెట్ల మధ్య సందు సరిగ్గా మూడడుగులు. అటునుంచి వస్తున్న బండి హ్యాండిల్ వెడల్పు సుమారు 32 అంగుళాలు. అంటే ఒక్కో పక్కన మిగిలేది రెండంగుళాలే. ఆ సందు దాటగానే పాములా మెలితిరిగిన వేరు, దాని వెనకే నాచు పట్టిన బండరాయి, ఆ పైన నిట్టనిలువు ఎత్తు. పరుగు అందుకుందామంటే చోటు లేదు. ఆగితే మళ్లీ కదలడం కష్టం. క్లచ్ మీద ఒక వేలు, బ్రేకు మీద ఒక వేలు... ‘ర్ర్‌ర్రింగ్’ మంటూ ఓ అరుపు. బండి రాయెక్కి, వేరు దాటి, చెట్ల మధ్యలోంచి మాయమైపోతుంది. వెనక మిగిలేది సన్నటి నీలిపొగ, కాలిన ఆయిలు వాసన.

అమెరికా తూర్పున అపలాచియన్ కొండల్లోనో, ఆస్ట్రియా, రుమేనియా అడవుల్లోనో సెలవురోజున కనిపించే దృశ్యమిది. ‘సింగిల్ ట్రాక్’ అంటారు ఇలాంటి బాటని. ఒక్క చక్రం పట్టేంతే దారి. అక్కడ గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగమన్నది లెక్కలోకి రాదు. ఎన్నిసార్లు పడ్డాం, పడ్డాక లేపి నిలబెట్టే ఓపిక ఇంకా ఉందా... అదే లెక్క!

ఆ వాసన మనకు తెలిసిందే

పెట్రోలు బంకులో ‘ఆయిల్ కూడా కలపమంటారా?’ అని కుర్రాడు అడగడం, బండి వెనక పొగ తెర కట్టడం... నలభై దాటిన వాళ్లకి ఇవి చిన్ననాటి జ్ఞాపకాలు. లూనా, రాజ్‌దూత్, యెజ్డీ, చేతక్... ఒకప్పుడు మన వీధుల్లో తిరిగినవన్నీ టూస్ట్రోక్ బళ్లే. వాటిలో మకుటంలేని మహారాజు యమహా ఆర్‌ఎక్స్ 100. 1985లో వచ్చి 1996 దాకా తయారైన ఈ 98 సీసీ బండి కోసం కుర్రకారు ఇప్పటికీ పాత సామాను కొట్లు గాలిస్తుంటారు.

ఇంతకీ ఏమిటీ టూస్ట్రోక్? నేటి మామూలు బండి ఫోర్‌స్ట్రోక్. లోపలి క్రాంకు రెండుసార్లు తిరిగితే ఒకసారి మంట అంటుకుంటుంది. టూస్ట్రోక్‌లో అలా కాదు. తిరిగిన ప్రతిసారీ మంటే. అందుకే చిన్న ఇంజిన్‌కే అంత ఊపు. పైగా వాల్వులు, క్యామ్ షాఫ్టు, టైమింగ్ చైను... ఇవేవీ ఉండవు. పిస్టను పైకీ కిందికీ ఆడుతూ సిలిండర్ గోడల్లోని రంధ్రాలను మూస్తూ తెరుస్తూ ఉంటుంది. అదే దాని వాల్వు!

అయితే ఈ సులువులోనే చిక్కూ ఉంది. కాలిన పొగ బయటికి పోయే దారి, కొత్త మిశ్రమం లోనికొచ్చే దారి కాసేపు ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. దాంతో కొంత పెట్రోలు కాలకుండానే సైలెన్సర్లోకి జారుకుంటుంది. ఇంజిన్‌ని నునుపుగా ఉంచే ఆయిలూ దాంతోపాటే కాలుతుంది. కాలుష్య నిబంధనలు బిగిసేకొద్దీ ఈ బళ్లు రోడ్డెక్కలేకపోయింది అందుకే.

చచ్చిందనుకుంటే... బతికింది

పోటీల్లోనూ ఒక దశలో దీని పని అయిపోయిందనే అనుకున్నారు. 1998లో యమహా వైజడ్400ఎఫ్ అనే ఫోర్‌స్ట్రోక్ మోటోక్రాస్ బండిని బయటికి తెచ్చింది. నిబంధనలు కూడా వాటికి కలిసొచ్చాయి. 250 సీసీ టూస్ట్రోక్‌తో అంతకు దాదాపు రెట్టింపు సైజున్న ఫోర్‌స్ట్రోక్ పోటీ పడొచ్చన్నారు. ఇంకేముంది, పదేళ్లు తిరిగేసరికి ట్రాకులన్నీ ఫోర్‌స్ట్రోక్‌ల పరమయ్యాయి. 2007తో హోండా తన సీఆర్ టూస్ట్రోక్‌లకు మంగళం పాడింది. కవాసాకీ, సుజుకీ పెద్ద టూస్ట్రోక్‌లదీ అదే దారి. జపాన్ కంపెనీల్లో యమహా ఒక్కటే వదలకుండా పట్టుకుని కూర్చుంది.

మరి ప్రాణం పోసిందెవరు? అడవి రైడర్లే! ట్రాకు మీద పనికొచ్చిన ఫోర్‌స్ట్రోక్ బరువు చెట్ల మధ్య భారమైంది. ఆస్ట్రియాకి చెందిన కేటీఎం ఆ సంగతి ముందే కనిపెట్టింది. టూస్ట్రోక్ ఎండ్యూరో బళ్లను ఆపలేదు సరికదా, ఏటా మెరుగులు దిద్దింది. బటన్ నొక్కితే స్టార్టయ్యే ఏర్పాటు తెచ్చింది. 2018 మోడళ్లతో ఫ్యూయల్ ఇంజెక్షన్నీ జోడించింది. మిగిలిన యూరప్ కంపెనీలూ అదే బాట పట్టాయి.

తూకంలో కాదు... తిప్పడంలో!

టూస్ట్రోక్ తేలికన్నది అందరూ చెప్పేమాట. నిజానికి కాటా మీద పెడితే తేడా మరీ ఎక్కువేం కాదు. 300 టూస్ట్రోక్‌కీ, అదే కంపెనీ ఫోర్‌స్ట్రోక్‌కీ మధ్య నాలుగైదు కిలోలుంటే ఎక్కువ. రెండూ వంద కిలోలకు అటూ ఇటూగా తూగేవే. మరి అంత తేడా ఎలా తెలుస్తుంది?

జవాబు ఇంజిన్ లోపల ఉంది. ఫోర్‌స్ట్రోక్‌లో క్యాములు, చైన్లు అన్నీ కలిసి గిర్రున తిరుగుతుంటాయి. తిరిగే బొంగరాన్ని పక్కకి వంచబోతే ఎదురు తిరుగుతుంది కదా! బండీ అంతే. టూస్ట్రోక్‌లో తిరిగే భాగాలు తక్కువ కాబట్టి చెట్టు దగ్గర చటుక్కున వంగుతుంది, చటుక్కున లేస్తుంది. మూడు గంటల పరుగులో ఇలాంటి మలుపులు వందలు. ఒక్కో మలుపులో మిగిలిన కాస్త బలమే చివరి గంటలో రైడర్‌ని కాపాడుతుంది.

ఇంకో లాభం... మరమ్మతు. పిస్టను, రింగులు మార్చడమంటే చేయి తిరిగినవాళ్లకి ఇంటి షెడ్డులో ఓ సాయంత్రం పని. ఫోర్‌స్ట్రోక్ తల విప్పితే జేబుకి చిల్లే. వాగులో బండి మునిగిందనుకోండి. ప్లగ్గు విప్పి, బండిని తలకిందులు చేసి, నాలుగు కిక్కులు కొడితే నీళ్లు బయటికొచ్చేస్తాయి. అడవి నడిబొడ్డున ఇంతకంటే ఏం కావాలి?

అలాగని అన్నీ సుగుణాలే కాదు. ఫోర్‌స్ట్రోక్‌లో యాక్సిలరేటర్ వదిలితే ఇంజినే బండిని పట్టి ఆపుతుంది. టూస్ట్రోక్‌లో ఆ పట్టు చాలా తక్కువ. నిటారు దిగుడులో భారమంతా బ్రేకుల మీదే. పైగా ఆయిలు వచ్చేది పెట్రోలుతోనే. దిగుడంతా యాక్సిలరేటర్ మూసే ఉంచితే పిస్టనుకి తడి అందదు. అందుకే అనుభవజ్ఞులు మధ్యమధ్యలో ‘రుమ్... రుమ్’ మంటూ రేజ్ చేస్తుంటారు. ఆ చప్పుడు దర్పం కోసం కాదు, ఇంజిన్ గొంతు తడపడం కోసం!

పెద్దదే మెత్తన!

ఇక అసలు ప్రశ్న. 125 సీసీనా, 200నా, 250నా, 300నా? కొత్తవాళ్లు చిన్నది తేలిక, పెద్దది కష్టం అనుకుంటారు. అడవి దారిలో ఆ లెక్క కాస్త తిరగబడుతుంది.

125, 150: చేతికి సైకిల్లా ఉంటాయి. పడినా లేపడం సులువు. కానీ వీటి బలమంతా పై వేగంలోనే. కింద నీరసం. ఎత్తెక్కేటప్పుడు ఇంజిన్‌ని అరిపిస్తూనే ఉండాలి, గేర్లు మారుస్తూనే ఉండాలి, క్లచ్ నొక్కుతూనే ఉండాలి. తేలికపాటి మనిషికి, నేర్చుకునే కుర్రాళ్లకి మంచి గురువు. ఎనభై కిలోలు దాటినవారు వీటితో నిట్టనిలువు కొండ ఎక్కాలంటే చెమటలు కక్కాల్సిందే.

200: చిక్కటి అడవికి ఇదే సరైన కొలత అనేవాళ్లు ఎక్కువ. 125 తేలికదనం, 250లో సగం ఊపు... రెండూ ఇందులో కలుస్తాయి. 1998లో వచ్చిన కేటీఎం 200ని రైడర్లు నెత్తిన పెట్టుకున్నారు. 2016 మోడల్‌తో కంపెనీ దాన్ని ఆపేసింది. ఆ ఖాళీని గమనించిన ఇటలీ కంపెనీ బీటా 2019 మోడల్‌గా 200 ఆర్‌ఆర్‌ని దింపింది.

250: హుషారైన గుర్రం. 300 కన్నా త్వరగా పుంజుకుంటుంది, కాస్త చురుగ్గా తిరుగుతుంది. విశాలమైన బాటలూ ఇరుకు బాటలూ కలిసి ఉండే చోట బాగుంటుంది. కాకపోతే తడి వేర్ల మీద తొందరపడితే వెనక చక్రం జర్రున జారుతుంది.

300: కేటీఎం 300 ఎక్స్‌సీ ఇంజిను 293 సీసీ. పేరు వింటే భయం. కానీ దీని గొప్పదనం వేగం కాదు, నిదానం. రెండో గేరులోనో మూడో గేరులోనో వేసి, ఆగిపోతుందేమో అన్నంత నెమ్మదిగా పోనిచ్చినా ట్రాక్టరులా లాక్కుపోతుంది. గేరు మార్చే పని తక్కువ, క్లచ్ పని తక్కువ, అలసటా తక్కువే. కష్టమైన ఎండ్యూరో పందేల్లో ఎక్కువమంది ఎంచుకునేది దీన్నే. ఒక్కటే షరతు... కుడిచెయ్యి అదుపులో ఉండాలి. భయపడి పొరపాటున యాక్సిలరేటర్ గట్టిగా తిప్పితే అది మనిషిని వదిలేసి వెళ్లిపోతుంది!

పెద్ద ఇంజిను ఇంత మెత్తగా ఎలా మారింది? ‘పవర్ వాల్వు’ మహిమ. పొగ పోయే రంధ్రానికి చిన్న తలుపు లాంటిది ఉంటుంది. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు అది కిందికి దిగి రంధ్రాన్ని చిన్నది చేస్తుంది. వేగం పెరిగితే పైకి లేస్తుంది. దాని స్ప్రింగు మార్చినా, సర్దుబాటు చేసినా ఒకే బండి సాధువూ అవుతుంది, సింహమూ అవుతుంది.

ఎవరి తీరు వారిదే

కేటీఎం: వెనక షాకబ్జార్బర్‌ని లింకులు లేకుండా నేరుగా బిగించే ‘పీడీఎస్’ పద్ధతి దీని ప్రత్యేకత. కింద వేలాడే లింకులుండవు కాబట్టి దుంగలు, రాళ్లు దాటేటప్పుడు తగులుకోదు.

హస్క్‌వర్నా, గ్యాస్‌గ్యాస్: ఒకటి 1903 నుంచీ మోటారు సైకిళ్లు చేస్తున్న స్వీడన్ పేరు, రెండోది స్పెయిన్‌ది. 2013లో హస్క్‌వర్నా, 2019లో గ్యాస్‌గ్యాస్ కేటీఎం గూటికి చేరాయి. ఇంజిన్లు అక్కాచెల్లెళ్ల లాంటివే. తేడా వెనక సస్పెన్షన్‌లో. టీఈ 300, ఈసీ 300 మోడళ్లకు లింకేజీ ఉంటుంది. గుంతల బాటలో మరింత కుదురుగా సాగుతాయనేది వీటి అభిమానుల మాట.

బీటా: ఫ్లోరెన్స్ దగ్గరి కంపెనీ. 1905లో సైకిళ్లతో మొదలైంది. 300 ఆర్‌ఆర్‌కి మెత్తటి ఊపని పేరు. ఆయిలు విడిగా పోస్తే తనే కలుపుకునే ఏర్పాటు ఉంది. దీని తమ్ముడు ‘ఎక్స్‌ట్రైనర్’. సీటు ఎత్తు 910 మిల్లీమీటర్లు. ఎండ్యూరో బళ్లలో 950 దాకా ఉండటం మామూలు కాబట్టి పొట్టివాళ్లకీ, కొత్తవాళ్లకీ, యాభై దాటిన సరదారాయుళ్లకీ ఇది వరమే.

షెర్కో: ఫ్రాన్స్‌ది. 1998లో ట్రయల్స్ బళ్లతో మొదలైంది. మలుపుల్లో చురుగ్గా తిరగడం దీని బలం.

యమహా వైజడ్250ఎక్స్: 2016 మోడల్‌గా వచ్చింది. మోటోక్రాస్ బండినే మెత్తబరిచి, వెనక 18 అంగుళాల చక్రం వేసి అడవికి పంపారు. కార్బురేటరు, కిక్ స్టార్టు... అంతా పాతకాలపు పద్ధతే. మొండిది, విడిభాగాలు తేలిగ్గా దొరుకుతాయి. అమెరికాలో యూరప్ 300లు పది వేల డాలర్ల దరిదాపుల్లో, ఆపైన ఉంటే ఇది ఎనిమిది వేల పైచిలుకులో వస్తోంది. కానీ నిటారు ఎత్తులో ఆగిపోయినప్పుడు, కాలు ఆనడానికి నేల అందనప్పుడు... బటన్ విలువేంటో అప్పుడు తెలుస్తుంది.

సీసాలో కొలిచే ప్రాణం

చాలా కార్బురేటరు బళ్లకి పెట్రోల్లో ఆయిలు చేత్తోనే కలపాలి. 40కి 1 నిష్పత్తి అనుకుంటే లీటరుకి 25 మిల్లీలీటర్లు. కలపడం మరిచి స్టార్టు చేశారో... కాసేపట్లో పిస్టను సిలిండర్‌కి అతుక్కుపోతుంది. కొండ ఎక్కేకొద్దీ గాలి పలచబడి, కార్బురేటరు జెట్లు మార్చాల్సి రావడం మరో తలనొప్పి. కేటీఎం ఇంజెక్షన్ పద్ధతి ఈ బాధ తప్పించింది. ఎత్తుకి తగ్గట్టు పెట్రోలుని కంప్యూటరే కొలుస్తుంది. పొగా తగ్గింది. ‘అడవిలో సెన్సరు పాడైతే ఎవరు బాగుచేస్తారు? కార్బురేటరైతే స్క్రూడ్రైవరు చాలు’ అని వాదించే పాతకాపులూ ఉన్నారు. వారి భయాన్నీ కొట్టిపారేయలేం.

ఆస్ట్రియాలో ఇనుప పరీక్ష

ఈ బళ్లకు అసలైన పరీక్ష ఎర్జ్‌బర్గ్ రోడియో. ఆస్ట్రియాలోని ఇనుప ఖనిజం కొండ మీద 1995లో మొదలైంది. వందల మంది వస్తే చివరి పందేనికి అర్హత 500 మందికే. నాలుగు గంటల గడువు. అడవులు, బండరాళ్లు, నిట్టనిలువు చరియలు. గమ్యం చేరేది గుప్పెడు మందే!

పోలెండ్ కుర్రాడు టాడీ బ్లజూసియాక్ 2007లో అరువు బండితో వచ్చి ఇక్కడ గెలిచాడు. అప్పటినుంచి 2011 దాకా వరసగా అయిదేళ్లు కిరీటం అతనిదే. బ్రిటన్‌కి చెందిన గ్రాహం జార్విస్ 2019లో హస్క్‌వర్నా టూస్ట్రోక్ మీద నెగ్గేనాటికి వయసు 44. కండబలంతో నడిపేవాళ్లు సగంలో చతికిలబడితే, తొందరపడకుండా, ఒక్కో రాయినీ చూసుకుంటూ వెళ్లిన పెద్దాయన ముందు చేరాడు. అడవి బండికి కావాల్సింది ఏమిటో ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

మనకేంటి సంబంధం?

ఉంది. 2007లోనే కేటీఎంలో 14.5 శాతం వాటా కొన్నది మన బజాజ్. 2024 నవంబరులో కేటీఎం అప్పుల ఊబిలో కూరుకుపోతే ఆదుకుని, 2025లో పగ్గాలు చేతిలోకి తీసుకున్నదీ ఆ సంస్థే. అంటే ప్రపంచంలో పేరున్న టూస్ట్రోక్ అడవి గుర్రాల కళ్లెం ఇప్పుడు పుణె చేతిలో ఉందన్నమాట! ఇక షెర్కోతో టీవీఎస్ 2015 డాకర్ ర్యాలీలో జతకట్టింది. 2024లో షెర్కో మీద కేరళ రైడర్ హరిత్ నోవా 11వ స్థానంలో నిలిచాడు. అది ఫోర్‌స్ట్రోక్ బండే అయినా, అడవి బళ్లు చేసే కంపెనీతో మనవాళ్ల చెలిమికి అదో గుర్తు.

అయితే ఒక్కమాట. వీడియోలు చూసి బండి వేసుకుని నల్లమలకో, పాపికొండలకో బయల్దేరితే కుదరదు. అభయారణ్యాల్లోకి అనుమతి లేకుండా వెళ్లడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అమెరికాలోనూ ఇష్టారాజ్యం కాదు. ప్రభుత్వ అడవుల్లో గుర్తించిన బాటల్లోనే తిరగాలి. సైలెన్సర్లోంచి నిప్పురవ్వ బయటికి రాకుండా ‘స్పార్క్ అరెస్టర్’ ఉండాలి. ఎండుటాకు మీద ఒక్క రవ్వ పడితే కాలేది కొండంతా కదా! తడి నేలలో చక్రం గిర్రున తిప్పితే బాట కాస్తా వాగవుతుంది. అందుకే అక్కడి క్లబ్బులు బాటల్ని తామే బాగుచేసుకుంటుంటాయి.

పిల్లల సరదా ఉంటే దారి మరొకటుంది. ప్రైవేటు డర్ట్ ట్రాకు, శిక్షకుడు, తలకి హెల్మెట్, మోకాలికి, వెన్నుకి రక్షణ, కాళ్లకి గట్టి బూట్లు... వీటి తర్వాతే బండి. రోడ్డు మీద మైనరుకి బండి ఇస్తే 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకి 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు.

మీకు ఏది?

* కొత్తగా నేర్చుకునేవారు, ఎత్తు తక్కువ ఉన్నవారు: ఎక్స్‌ట్రైనర్ లేదా 200.
* తేలికపాటి కుర్రాళ్లు: 125, 150. గేర్లు, క్లచ్ వాడకం వంటబడుతుంది.
* బాట సగం ఇరుకు, సగం వెడల్పు: 250.
* రాళ్లు, వేర్లు, నిటారు ఎత్తులు: 300. మెత్తటి చెయ్యి తప్పనిసరి.
* ఖర్చు తక్కువ, మరమ్మతు సొంతంగా: వైజడ్250ఎక్స్.
* ఏది కొన్నా ముందు చేతులకి అల్యూమినియం గార్డులు, మీ బరువుకి తగ్గ స్ప్రింగులు. టైర్లలో గాలి 10-12 పీఎస్‌ఐ చాలు. తర్వాతే మిగతా సోకులు.

ఎలక్ట్రిక్ బళ్లు అడవి బాట పడుతున్నాయి. చప్పుడు లేదు, పొగ లేదు. రేపు ఈ గుర్రాన్నీ అవి ఇంటికి పంపేస్తాయేమో! కానీ అడవి మధ్యలో చార్జింగ్ అయిపోతే పోసుకోవడానికి సీసాలో కరెంటు దొరకదు. అంతదాకా... మూడడుగుల సందులోంచి దూసుకుపోయే ఆ ‘ర్ర్‌ర్రింగ్’ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. దాని వెనకే, మన పాత వీధుల్ని గుర్తుచేసే ఆ నీలిపొగ వాసన కూడా!